కొలువును దాటి సాగే పరుగు

ఉత్తరాంధ్ర పల్లెల్లో వేకువజామున వినిపించే అడుగుల చప్పుడు చాలావరకు ఉద్యోగ పరీక్ష కోసం మొదలై ఆ పరీక్షతోనే ఆగిపోతుంది. దానిని జీవితకాలపు అలవాటుగా నిలబెట్టగలిగేది ఊరి సొంత పరుగు సంఘం. అందుకు వేసవి కంటే మంచి పాఠశాల లేదు.

విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా వైపు సాగే 26వ నంబరు జాతీయ రహదారి మీద, చంపావతి నది చెంత ఉన్న గజపతినగరం, పరుగును ఆటగా కంటే ముందు బతుకుతెరువుకు తొలిమెట్టుగా ఎరిగిన ప్రాంతంలోని పట్టణం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారకముందే రోడ్డు అంచుల మీద, హైస్కూలు మైదానాల్లో, చెరువుగట్ల మీద పరుగెత్తే యువకుల్లో అధికభాగం సైన్యంలోనో పోలీసుశాఖలోనో చేరాలని ఆశించేవారే. వారి మాటల్లో దేహదారుఢ్య పరీక్షలకు ‘ఈవెంట్స్’ అనీ, సైనిక నియామక శిబిరానికి ‘ర్యాలీ’ అనీ పేర్లు స్థిరపడ్డాయి. ‘రన్నింగ్‌కి పోతున్నాడు’ అంటే కొలువుకు సిద్ధమవుతున్నాడని ఊళ్ళో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంతమంది పరుగెత్తే నేలమీద ఆ పరుగు ఇరవైల తొలినాళ్ళు దాటకుండానే ఎందుకు ఆగిపోతోందన్నది, ప్రజారోగ్యం గురించి ఆలోచించే ప్రతివారూ వేసుకోవలసిన ప్రశ్న.

పదహారు వందల మీటర్ల లోకం

సైనిక నియామక పరీక్షలో ప్రధానమైనది 1.6 కిలోమీటర్ల పరుగు. దీనిని 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికి 60 మార్కులు, ఆ తర్వాత 5 నిమిషాల 45 సెకన్లలోపు వచ్చినవారికి 48 మార్కులు ఇచ్చే పద్ధతి చాలాకాలం నడిచింది. మొదటి వర్గంలో నిలవాలంటే కిలోమీటరును సుమారు 3 నిమిషాల 26 సెకన్లలో, అంటే 400 మీటర్ల ట్రాకు మీద ఒక్కొక్క చుట్టును 82 సెకన్ల చిల్లరలో పూర్తిచేస్తూ నాలుగు చుట్లు తిరగాలి. రాష్ట్ర పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు గడువుగా ఉంటూ వచ్చింది. ఈ సంఖ్యలు వేలమంది యువతీయువకుల దినచర్యను శాసించడం వల్ల, పరుగు అంటే గడియారాన్ని ఓడించే ఆరు నిమిషాల యాతన అన్న అభిప్రాయం బలపడింది.

ఆ అభిప్రాయం పరీక్ష రాసేవారికి సైతం మేలు చేయదని శిక్షణశాస్త్రం చెబుతోంది. ఇంత దూరపు పరుగులో శరీరానికి కావలసిన శక్తిలో సుమారు ఐదింట నాలుగు వంతులు ప్రాణవాయువు సాయంతోనే, అంటే ఊపిరితిత్తులు, గుండె, కండరాలలోని సన్నని రక్తనాళాలు కలిసి నడిపే నిదానమైన ప్రక్రియ ద్వారానే పుడుతుంది. ఊపిరాడని వేగంతో రోజూ 1600 మీటర్లు పరుగెత్తడం ఆ ప్రక్రియను అంతగా పెంచదు; పక్కవారితో మాట్లాడుకుంటూ పోగలిగినంత మెల్లగా, గంటసేపు సాగే పరుగు పెంచుతుంది. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ 800 మీటర్ల వీరుడైన పీటర్ స్నెల్ చేత వారానికి సుమారు 160 కిలోమీటర్లు పరుగెత్తించినప్పుడు విచిత్రంగా చూసినవారు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ ఆ దూరంలో స్వర్ణం గెలిచి, 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు రెండింటిలోనూ స్వర్ణాలు అందుకున్నాక ఆ పద్ధతిని అనుసరించారు. పొట్టి పరుగు గెలవాలంటే పొడుగు పరుగు కావాలన్న ఈ సూత్రం ర్యాలీకి సిద్ధమయ్యే యువకునికీ, నలభై దాటిన ఉపాధ్యాయునికీ, మధుమేహం పొంచి ఉన్న దుకాణదారునికీ ఒకే దారి మీద చోటు చూపిస్తుంది. సంఘానికి బీజం అక్కడే ఉంది.

తాలింఖానా నుంచి రన్నర్స్ క్లబ్ దాకా

పరుగు సంఘమంటే నిర్ణీత సమయానికి, నిర్ణీత స్థలంలో కలుసుకొని, వేగాల తేడాలను లెక్కచేయకుండా సాధనచేసి, ఏడాదిలో కొన్నిసార్లు తమలో తాము పందేలు నడుపుకొనే సభ్యుల కూటమి. ఇంగ్లండ్‌లో 1868లో ఏర్పడిన థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్ పొలాలు, గుట్టల మీదుగా సాగే క్రాస్‌కంట్రీ పరుగుకు అత్యంత పాత సంఘంగా పేరుపొందింది. అయితే పరుగును పోటీదారుల చేతినుంచి సామాన్యుల చేతికి అందించిన మలుపు 1960ల తొలినాళ్ళలో ఆక్లండ్‌లో వచ్చింది. అక్కడ లిడియార్డ్ స్ఫూర్తితో మొదలైన జాగర్స్ క్లబ్‌లో, గుండెజబ్బు బారినపడిన నడివయస్కులు సైతం మెల్లని పరుగుతో కోలుకోవడం చూసిన అమెరికా శిక్షకుడు బిల్ బవర్‌మన్ ఆ అలవాటును తన దేశానికి తీసుకుపోయాడు. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైన 5 కిలోమీటర్ల ఉచిత పరుగు, ‘పార్క్‌రన్’ పేరుతో అనేక దేశాలకు విస్తరించింది. వారంవారం స్వచ్ఛంద సేవకులే నడిపే ఆ పరుగుకు ప్రవేశరుసుం గానీ, ఇంతసేపట్లో ముగించాలన్న ఒత్తిడి గానీ లేవు.

తెలుగునాట ఈ తరహా సంఘాలకు ప్రముఖ ఉదాహరణ 2007లో రూపుదిద్దుకొన్న హైదరాబాద్ రన్నర్స్. ఏటా ఆగస్టు చివర జరిగే హైదరాబాద్ మారథాన్ ఆ సంఘం శ్రమఫలమే. అసలు పరుగే ఎరగనివారిని కొన్ని వారాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తగలవారిగా తీర్చిదిద్దే శిక్షణను కూడా అది ఏళ్ళుగా నడుపుతోంది. విశాఖపట్నంలో నవంబరు, డిసెంబరు నెలల్లో భారత నౌకాదళం బీచ్‌రోడ్డు మీద నిర్వహించే వైజాగ్ నేవీ మారథాన్ ఉత్తరాంధ్ర పరుగరులకు అందుబాటులో ఉన్న పెద్ద వేదిక. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల పరుగు; 1908 లండన్ ఒలింపిక్స్‌లో వాడిన ఈ దూరమే 1921లో ప్రపంచ ప్రమాణంగా ఖాయమైంది.

నగరాల్లో పుట్టిన ఈ ఏర్పాటు మండల కేంద్రానికి పరాయిది కాదు. వీధిలోని కుర్రవాళ్ళు ఒకచోట చేరి, పెద్దల కనుసన్నల్లో దండీలు తీస్తూ, బస్కీలు కొడుతూ దేహాన్ని తీర్చుకొన్న తాలింఖానాలు ఉత్తరాంధ్రకు పాతవే. వీరఘట్టంలో జన్మించి దేశవిదేశాల్లో బలప్రదర్శనలతో పేరుగాంచిన కోడి రామమూర్తినాయుడు ఆ వ్యాయామ సంస్కృతికి నిలువెత్తు గుర్తు. ఆమదాలవలస ప్రాంతానికి చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళగా నిలవడం కూడా ఆ నేల చలవే. వ్యాయామాన్ని పదిమందితో కలిసి చేసే పని అని నేర్పిన తాలింఖానాకు పరుగు సంఘం మనవడి వరుస అవుతుంది.

కార్తెల లెక్కన ఒక వేసవి

శీతల దేశాల్లో పరుగు సంఘాలకు వేసవి పండుగ కాలం. పొద్దు పోయేదాకా వెలుతురుండే ఆ నెలల్లో వారానికొక పందెం పెట్టుకొని, రోడ్డు పరుగులనూ కొండదారి పరుగులనూ కలిపి పాయింట్లు లెక్కగడతాయి. ఆ పంచాంగాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి చంపావతి ఒడ్డున పరిస్తే ప్రాణాపాయం. ఇక్కడి ఎండకు ఇక్కడి రైతు ఎప్పుడో కట్టిన పంచాంగం ఒకటుంది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే సుమారు రెండు వారాల కాలాన్ని కార్తె అంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత వాతావరణ నివేదికంత కచ్చితమైనది. ఆ లెక్కనే ఆధారంగా చేసుకొంటే స్థానిక సంఘం వేసవి పందేలను భద్రంగా అమర్చుకోవచ్చు.

ఏప్రిల్ నడిమి నుంచి మే రెండో వారం దాకా సాగే అశ్విని, భరణి కార్తెలు ఒంటిని ఎండకు అలవాటు చేసే కాలం. 3, 5 కిలోమీటర్ల చిన్న రోడ్డు పరుగులు ఇందుకు చాలు. ఆ తర్వాత జూన్ తొలివారం దాకా ఉండే కృత్తిక, రోహిణి కార్తెల్లో గడియారాన్ని పక్కనపెట్టి, జట్లుగా దూరాన్ని పంచుకొనే రిలే పరుగులతో సరిపెట్టుకోవడం వివేకం. మే చివర ఈ ప్రాంతంలో సూర్యోదయం సుమారు 5 గంటల 20 నిమిషాలకే అవుతుంది కనుక, వెలుగురేఖతో మొదలైన పరుగు ఆరున్నరలోపు ముగిసిపోవాలి. జూన్ 8 ప్రాంతాన మృగశిర ప్రవేశించి, తొలకరికి నేల మెత్తబడ్డాక 10 కిలోమీటర్ల కాలిబాట పరుగులకు తలుపు తెరుచుకొంటుంది. అదే సమయంలో ఏరువాక మొదలై సభ్యుల్లో సగం మంది దుక్కికి పోతారు కాబట్టి, పందెం ఆదివారం తెల్లవారుజామునే ముగిసి, పరుగెత్తినవారు పొలం పనికి అందేలా ఉండాలి. పంటను కాదని పెట్టుకొన్న పందెం పల్లెలో నిలవదు.

చెమట చేసే పని

ఈ జాగ్రత్తలన్నింటి వెనుక ఒక శాస్త్రీయ కారణం ఉంది. పరుగెత్తే దేహం ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట ఆవిరి కావడం. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి దేహాన్ని వదిలిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న విజయనగరం జిల్లాలో గాలి తేమతో నిండి ఉండటం వల్ల చెమట ఆవిరి కాకుండా ధారలుగా కారిపోతుంది. అలా కారిన చెమట వల్ల నీరు, ఉప్పు పోతాయే తప్ప ఒళ్ళు చల్లబడదు. అందుకే పందెం నిర్వాహకులు మామూలు ఉష్ణమాపకాన్ని మాత్రమే నమ్మరు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెకు 70 శాతం, ఎండ తాకిడిని కొలిచే నల్లని గోళపు అంకెకు 20 శాతం, నీడలోని గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ ఇచ్చి లెక్కగట్టే సూచికను చూసి, పరుగు నడపాలా, దూరం తగ్గించాలా, రద్దు చేయాలా అని తేల్చుకొంటారు.

ఎండకు అలవాటుపడటం కూడా దేహధర్మమే. రోజూ కొంతసేపు వేడిలో మెల్లగా శ్రమిస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. సాధన మానేస్తే కొన్ని వారాల్లో ఈ లాభం కరిగిపోతుంది. శీతల గదుల్లో చదువుకొని సెలవులకు ఊరు వచ్చిన విద్యార్థి, మొదటి ఆదివారమే పొలం పని ఎరిగిన అన్నతో పోటీపడకూడదని సంఘం నియమం పెట్టుకోవాలి. పరుగెత్తేవారు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన స్థితికి చేరితే అది వడదెబ్బ. అప్పుడు వాహనం కోసం ఎదురుచూస్తూ కాలం గడపకుండా అక్కడికక్కడే చల్లని నీటిలో ముంచో, ఒళ్ళంతా నీళ్ళు గుమ్మరించి విసురుతూనో ముందు చల్లబరచి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. తొలి అరగంటే ప్రాణాన్ని నిలబెడుతుంది.

తారుదారి, కాలిబాట

రోడ్డు పరుగు తారు లేదా సిమెంటు దారి మీద సాగేది. దూరం కచ్చితంగా కొలవడానికి, గత ఏడాది సమయంతో పోల్చుకోవడానికి అది అనువైనది. ట్రైల్ పరుగు, అంటే కాలిబాట పరుగు, డొంకలు, గట్లు, తోటలు, కొండవాలుల మీదుగా సాగుతుంది. పరిచిన దారి అందులో వీలైనంత తక్కువగా ఉండాలి. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2015లో దీనిని అథ్లెటిక్స్‌లో భాగంగా గుర్తించింది. కొండ పరుగునూ కాలిబాట పరుగునూ కలిపిన తొలి ప్రపంచ పోటీలు 2022 నవంబరులో థాయిలాండ్‌లోని చియాంగ్ మైలో జరిగాయి. ఇక్కడ కిలోమీటరుకు ఇన్ని నిమిషాలన్న లెక్క చెల్లదు. పందెం కష్టాన్ని దూరంతో పాటు మొత్తం ఎక్కిన ఎత్తుతో కొలుస్తారు. నిటారు ఎక్కుడులో చేతులు మోకాళ్ళ మీద ఆనించి నడవడం తెలివైన పద్ధతే గానీ ఓటమి కాదు. దిగుడులో చిన్న అడుగులు వేయడమే మోకాలికి రక్ష.

గజపతినగరం పరిసరాల్లో ఈ రెండో తరహాకు ప్రకృతి ఎన్నో అవకాశాలిచ్చింది. పడమట మెంటాడ వైపు తూర్పు కనుమల పాదాలు మొదలవుతాయి; చంపావతి ఆ కొండల్లో ఆండ్ర దగ్గర పుట్టి, గజపతినగరం, నెల్లిమర్ల, డెంకాడల మీదుగా పారి కోనాడ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. నెల్లిమర్ల దగ్గరి రామతీర్థంలో బౌద్ధ, జైన అవశేషాలు నిలిచిన గురుభక్తులకొండ, బోధికొండ ఉన్నాయి. నది వేసవిలో సన్నబడి ఇసుకమేటలు తేలినప్పుడు, పొడి ఇసుకలో పరుగుకు గట్టినేల మీద కంటే సుమారు 1.6 రెట్ల శక్తి ఖర్చవుతుంది కనుక, అక్కడ కొద్ది నిమిషాల సాధనే పిక్కలకు గొప్ప బలం. జాతీయ రహదారి అంచు మాత్రం సాధనకు తగిన చోటు కాదు. రాష్ట్రాలు దాటే లారీలు తెరిపి లేకుండా నడిచే ఆ దారిలో చీకటివేళ పరుగెత్తడం ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే. తప్పనిసరైనప్పుడు ఎదురుగా వచ్చే వాహనం కంటపడేలా కుడి అంచున, మెరిసే పట్టీ ధరించి, ఒకరి వెనుక ఒకరుగా సాగాలి. కాలిబాటకు కూడా దాని మర్యాదలున్నాయి. తోట యజమాని అనుమతి, కొండ గ్రామాల పెద్దలతో ముందుమాట, పాముల సంచారం ఎరిగిన స్థానికుడు దారి చూపడం, అందరికంటే వెనుక వస్తూ ఎవరూ తప్పిపోలేదని నిర్ధారించే కాపరి అందులో ముఖ్యమైనవి. గుట్టల మీది శిథిలాలు, గుడులు పందెపు గుర్తులు పూయడానికి గోడలు కావు.

చలివేంద్రం, అంబలి

దూరపు పందేల్లో నీరు, ఉప్పు, ఆహారం అందించే మజిలీకి తెలుగువారికి కొత్త పేరు వెతకనక్కరలేదు. ఎండాకాలం బాటసారికి ఉచితంగా నీళ్ళూ మజ్జిగా పోసే చలివేంద్రం అదే పని చేస్తోంది; రెండు మూడు కిలోమీటర్లకొక చలివేంద్రాన్ని ఊరి సంఘాలు తలకెత్తుకొంటే పందెం నిర్వహణలో పెద్ద ఖర్చు తీరిపోతుంది. ఉత్తరాంధ్రలో రాగులను చోళ్ళు అంటారు. చోడి అంబలిలో నిదానంగా అరిగే పిండిపదార్థం ఉంది, ఉప్పేసిన పలుచని మజ్జిగలో, తరవాణిలో నీరూ లవణమూ కలిసే ఉన్నాయి. అయితే అతి ఏదీ మంచిది కాదు. దాహం లేకపోయినా అదేపనిగా నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పలుచబడి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందిలో ఆ లోపం కనిపించింది. దాహం వేసినప్పుడు, వేసినంత తాగడమే నేటి వైద్యుల హితవు.

సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు

దూరం అంటే భయపడేవారికి ఉత్తరాంధ్ర సంప్రదాయంలోనే సమాధానం ఉంది. ఏటా ఆషాఢ పూర్ణిమ సందర్భంగా లక్షలాది భక్తులు సింహాచలం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నంల మీదుగా రాత్రంతా నడిచి తిరిగి కొండపాదానికి చేరుకొనేవారిలో వృద్ధులు, గృహిణులు, చెప్పులు లేకుండా నడిచేవారు ఎందరో ఉంటారు. మారథాన్‌కు సిద్ధమయ్యేవారు సాధనలో చేసే అతి పొడవైన పరుగు కూడా సాధారణంగా 30, 32 కిలోమీటర్లే. అంటే పూర్తి మారథాన్‌లో నాలుగింట మూడు వంతుల దూరాన్ని ఈ ప్రాంతపు సామాన్య కుటుంబాలు ఏ శిక్షకుడి అవసరమూ లేకుండా, తోటివారి తోడుతో, దారిపొడుగునా దాతలు పోసే నీళ్ళతో పూర్తిచేస్తున్నాయి. ప్రదక్షిణ భక్తికార్యం, దానిని పందెంగా మార్చనక్కరలేదు. కానీ తోడు, చలివేంద్రం, చల్లని వేళ ఉంటే మామూలు మనిషి ఎంతదూరం పోగలడో అది ఏటా రుజువు చేస్తోంది.

ఆడపిల్లల అడుగు

ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్‌కు చోటు దక్కడానికి 1984 లాస్ ఏంజెలెస్ దాకా ఆగవలసి వచ్చింది. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు ముగించిన తొలి భారతీయ మహిళగా నిలిచి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో పాల్గొన్న తొలి భారతీయురాలయింది. అయినా మండల కేంద్రంలో చీకటితో లేచి ఒంటరిగా పరుగెత్తడం ఆడపిల్లకు నేటికీ తేలిక కాదు. దీపాలున్న మైదానం, నిర్ణీత వేళ, కలిసి పరుగెత్తే నలుగురు అమ్మలూ అక్కలూ ఉంటే ఆ కష్టంలో సగం తీరుతుంది. ఇల్లు దాటి రావడానికి ఆడపిల్లకు అనుమతి తెచ్చిపెట్టేది ఆ గుంపే. సంఘం వల్ల కలిగే లాభాల్లో ఇదే అన్నిటికంటే విలువైనది.

ఎవరు ముందడుగు వేయాలి

2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరినవారు నాలుగేళ్ళు పనిచేస్తారు. వారిలో 25 శాతం వరకు మాత్రమే కొనసాగే వీలుంది. అంటే క్రమశిక్షణతో కూడిన శిక్షణ పొంది, ఇంకా ముప్పై నిండని యువకులు ఉత్తరాంధ్ర పల్లెలకు తిరిగి రాబోతున్నారు. మరోవైపు, కొద్ది సెకన్ల తేడాతో ర్యాలీలో తప్పి, వయోపరిమితి దాటిపోయి, బూట్లు అటకమీద పెట్టినవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ ముగించి, దశాబ్దాలపాటు చెరగని జాతీయ రికార్డు నెలకొల్పిన శివనాథ్ సింగ్ సైనికుడే. కొలువు ఆయన పరుగుకు ముగింపు కాలేదు. కొలువు దొరికినవారికీ దొరకనివారికీ పరుగు మిగిలే ఉండాలి.

ఇందుకు పెద్ద నిధులు అవసరం లేదు. ఆదివారం వేకువన తెరిచి ఉంచే ఒక హైస్కూలు మైదానం, కొలిచి గుర్తుపెట్టిన ఒక చెరువుగట్టు, చేతి గడియారం, పేర్లు రాసే ఒక పుస్తకం, ప్రథమచికిత్స తెలిసిన ఒకరు, నీళ్ళ కుండలు ఉంటే మొదటి 5 కిలోమీటర్ల పందెం నడుస్తుంది. ఆ పుస్తకంలో మొదట చేరినవారి పేరునూ చివర చేరినవారి పేరునూ ఒకే సిరాతో రాయాలి. ర్యాలీలో 5 నిమిషాల 46వ సెకనుకు గీత దాటి, వెనక్కి పంపబడిన యువకుని పేరు కూడా అందులో ఉంటే, వచ్చే అశ్విని కార్తెకు అతను తనకంటే చిన్నవాడిని వెంటబెట్టుకొని మైదానానికి వస్తాడు.